ఒగ్గీకు

హనుమంతవాక దిగుడులో తెలిసింది
పాదం కింద పెడలు
నానిన అటుకుల్లా ఉందని.

వెనక పదహారు ట్రేల కానాగంతలు, వాటి మీద ఐసు.
ముందు సిటీ బస్సు.
తొక్కితే దిగింది, ఇంకా దిగింది,
రెండోసారి తొక్కితే ఆగింది
బస్సు వెనక రాసిన అక్షరాల్లో
సున్నా లోపలి దుమ్ము కనిపించేంత దగ్గరగా.

బండి నాది కాదు. గరికిన పోలమ్మది.
పందొమ్మిదేళ్ల పికప్పు.
ఉప్పుగాలి తిన్నంత తిని వదిలేసిన తలుపులు,
అద్దం కింద ఎండిపోయిన నిమ్మకాయ,
హార్బరు వాసన, ఎన్ని నీళ్లు కొట్టినా.

కంచరపాలెం గేటు అవతల సన్నిబాబు మేస్త్రి షెడ్డు.
బానెట్ ఎత్తలేదు. ముందు నన్నే అడిగాడు.
"పంపు కొడితే గట్టిపడతందా?"
పడతంది.
"అయితే గట్టిపడ్డాక తొక్కి పట్టు.
ఇంజిను ఆపీకు. ఏటౌతాదో సెప్పు."

తొక్కి పట్టాను.
పట్టాల మీద గూడ్సు బండి పోర్టు వైపు పోతోంది,
ఒక్కో పెట్టె ఎర్రమట్టి కుప్పతో.
లెక్కపెడుతూ కూర్చున్నాను.
పదిహేడో పెట్టె దాటేసరికి
నా పాదం నాకు తెలియకుండానే
నేలకి ఆనింది,
నిద్రపట్టిన పిల్లాడి చెయ్యి
పట్టుకున్న వేలిని వదిలేసినట్టు.

"దిగిపోతంది మేస్త్రీ."
"ఊఁ."

గోనె పరిచి కిందికి దూరాడు.
నాలుగు చక్రాల వెనకా పాత పేపరు ముక్కతో తుడిచి
వెలుతురుకి పట్టి చూశాడు. పొడి.
గొట్టాలకి తుప్పుంది గాని తడి లేదు.
రబ్బరు పైపులు ఒక్కొక్కటే బిగించి నొక్కి
నన్ను మళ్లీ తొక్కమన్నాడు.
అన్నీ నొక్కినా దిగుతూనే ఉంది.
"బైటికి కారట్లేదురా. లోపల్లోపలే దాటేత్తంది."

ఆయిలు డబ్బా మూత తిప్పాడు అప్పుడు.
కింద రబ్బరు మూతలో పట్టక ఉబ్బి,
అంచులు మెలికలు తిరిగి,
వానలో మరిచిపోయిన అప్పడంలా ఉంది.
వేలు ముంచాడు. వాసన చూశాడు.
రెండు వేళ్ల మధ్య రాసుకుని
చాలాసేపు నా వైపు చూళ్లేదు.
"బ్రేకాయిల్లో ఇంజినాయిలు పోసిందెవుడు?"

యారాడ కొండ ఎక్కేముందు, మొన్న కార్తీకంలో.
డబ్బాలో ఆయిలు గీత కిందికి పోయింది.
కొనుక్కోమని పోలమ్మ రెండొందలిచ్చింది.
సీటు కింద సీసాలో అడుగున కాస్త ఇంజినాయిలుంది.
ఏ ఆయిలైతేనేం, జారేదే కదా అనుకున్నాను.
రెండొందలూ సాయంత్రానికి
చేపల వేపుడుగా, ఇంకొకటిగా మారాయి.

క్లీనరు కుర్రాడు దానయ్య
టైరు మీద కూర్చుని మరమరాలు తింటున్నాడు.
వాడి పేరు నా నాలిక మీదికి వచ్చింది.
చెబితే నమ్మేస్తారు కూడా. పదహారేళ్లు వాడికి.
అప్పుడే వాడు పొట్లం నా వైపు చాపి
"తింతావా అన్నా" అన్నాడు.

"నేనే" అన్నాను మేస్త్రితో.

తిట్టలేదు. తిడితే బాగుండేది.
"నూనె తాగిన రబ్బరు మళ్లీ తన సైజుకి రాదు.
మాస్టరు సిలిండరొక్కటే కాదు,
నాలుగు చక్రాల్లో రబ్బరన్నది ఏదుంటే అది మార్సాల.
గొట్టాలన్నీ కడగాల. తెలిసిందా?"
ఆటోనగర్ నుంచి సామాన్లు తెప్పించి
రాసిన చీటీ నా చేతికిచ్చాడు.
నా రెండు నెలల జీతం
ఆయన చేతిరాతలో ఎంత చిన్నగా ఉందో.

సాయంత్రం.
కొత్త ఆయిలు పోసి, వెనక చక్రం దగ్గర
సన్నటి పైపు తగిలించి సీసాలో ముంచి
కింద నుంచి కేకేశాడు:
"తొక్కు. తొక్కు. తొక్కు. పట్టు."
సీసాలో బుడగలు, దానయ్య లెక్కపెడుతున్నాడు,
పెద్దవి, తర్వాత చిన్నవి,
తర్వాత ఆవగింజలంత.
"ఇంకా గాలుంది. మళ్లీ."

ఎన్నిసార్లో. మోకాలు వణుకుతోంది.
ఒకసారి పాదం కింద ఏదో నిలబడింది.
అటుకులు కాదు. నేల కాదు.
నన్ను తిరిగి తోసేది.

సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది.
చూడకుండానే తెలుసు, పోలమ్మ,
పొద్దున్నించి బండి ఏదని.
కాలు సడలింది కాబోలు,
కింద నుంచి అరిచాడు మేస్త్రి
"ఒగ్గీకు! నట్టు బిగించలేదింకా,
నే సెప్పేదాకా ఒగ్గీకు!"

కాలు అక్కడే ఉంచి
ఫోను ఎత్తాను.